పాత మిలిటరీ రైఫిల్ కొనొచ్చా? త్రీ నాట్ త్రీ మోజు, త్రీ ఫిఫ్టీన్ వాస్తవం

"అన్నా, ఆర్మీ వాళ్లు పక్కన పెట్టేసిన పాత రైఫిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ఉంది, ఎక్కడ దొరుకుతుంది, ఏం చూసి కొనాలి?" అని అడిగేవాళ్లు మన తిరుపతిలో తక్కువేమీ కాదు. అడిగేది ఎక్కువగా రిటైరై ఊరికొచ్చిన ఫౌజీ, లేదంటే బంగారుపాళ్యం, పలమనేరు వైపు తోట ఉన్న రైతు, లేదంటే యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి ఊగిపోతున్న కుర్రాడు. ముగ్గురికీ మొదట చెప్పాల్సింది ఒకటే. మీరనుకునే రైఫిల్ ఇక్కడ దొరకదు, ఎవడైనా తెచ్చిస్తానంటే అది ఇంకా పెద్ద తలనొప్పి. కానీ అంతటితో ఆపేస్తే సగమే చెప్పినట్టు, ఎందుకంటే చట్టం ఒప్పుకునే ఇంకో రైఫిల్ .315 (త్రీ ఫిఫ్టీన్) ఉంది, దాని ఒళ్లు దాదాపుగా ఆర్మీ రైఫిల్‌దే, ముఖ్యంగా మారింది గొట్టం, తూటా.

ముందు ఆ వీడియోల సంగతి. అమెరికాలో మిలిటరీ సర్‌ప్లస్, అంటే సైన్యం తీసేసిన పాత సరుకు, నిజంగానే ఒక మార్కెట్. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల సైన్యం వాడిన ఎం1 గరాండ్ రైఫిళ్లను సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ అర్హత చూసుకుని మామూలు పౌరులకు అమ్ముతుంది, దాన్ని పెట్టింది 1996లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టమే. రష్యా వాళ్ల మోసిన్ నాగాంట్ 1891 నాటి డిజైన్, సోవియట్ గోదాముల్లో దశాబ్దాల పాటు కాస్మోలిన్ అనే జిడ్డు పూసుకుని పడుకుని, తర్వాత పెట్టెలకు పెట్టెలు అక్కడికి దిగి, ఒకప్పుడు సంతలో వంకాయల్లా అమ్ముడుపోయింది. విచిత్రం ఏంటంటే మన బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 7.62 రైఫిళ్లు కూడా అక్కడి దుకాణాలకు చేరాయి. మనోళ్లు చేసిన రైఫిల్‌ను టెక్సస్‌లో ఉన్నవాడు కొనుక్కోగలడు, తిరుచానూరులో ఉన్నవాడు కొనుక్కోలేడు.

ఎందుకు కొనుక్కోలేడంటే, 1959 ఆర్మ్స్ యాక్ట్, దాని కింద వచ్చిన 2016 ఆర్మ్స్ రూల్స్ తుపాకుల్ని వర్గాలుగా విడగొట్టాయి. .303, 7.62 బోర్‌లో (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు) ఉన్న బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాకూ చేత్తో బోల్ట్ లాగి మూసేవి), సెమీ ఆటోమేటిక్ (తర్వాతి తూటాను తామే ఎక్కించుకునేవి) రైఫిళ్లు ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధం. అంతేకాదు, ఆ సర్వీసు తూటాను పెట్టి కాల్చగలిగే ఇంకే బోరైనా నిషిద్ధమే. అసలు కిటుకు ఈ రెండో ముక్కలో ఉంది. రైఫిల్ పాతదా కొత్తదా, సైన్యం తీసేసిందా లేదా అన్నది చట్టం అడగదు, సైన్యం తూటా అందులో పడుతుందా అని అడుగుతుంది. మన సైన్యం, పోలీసు ఇన్నేళ్లూ వాడిన పాత రైఫిళ్లేవి? .303 (త్రీ నాట్ త్రీ) లీ ఎన్‌ఫీల్డ్, తర్వాత 1962 చైనా యుద్ధం అయ్యాక ఇషాపూర్‌లో అదే ఒంటితో చేసిన 7.62, ఆపైన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). ఒక్కటి కూడా ఆ నిషేధానికి బయట లేదు. పోలీసు స్టేషన్లలో కనిపించే .410 మస్కెట్‌ను చూసి "ఇది షాట్‌గన్ లాంటిదే కదా" అంటారు కొందరు, అదీ ఆ జాబితాలోనే ఉంది. వీటికి లైసెన్స్ ఇవ్వాలంటే కలెక్టర్ వల్ల కాదు, ఢిల్లీలో కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. మామూలు మనిషికి ఇవ్వదు.

మరి తీసేసిన రైఫిళ్లన్నీ ఎటు పోతాయి? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పినప్పుడు చాలామందికి ఇదే ఆశ పుట్టింది, ఇన్ని వేల రైఫిళ్లు ఎక్కడో ఒకచోట వేలానికి రావా అని. రావు. పనికిరానివిగా రాసేసిన ఆయుధాలను పగలగొట్టి ధ్వంసం చేయడమే పద్ధతి. ఆ పద్ధతికి కన్నం పడితే ఏమవుతుందో 2018లో దేశమంతా చూసింది. జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డినెన్స్ డిపో నుంచి బయటికి పొక్కిన ఏకే 47లు బీహార్‌లోని ముంగేర్‌లో దొరికాయి, లోపల పనిచేసి రిటైరైన ఆర్మరరే (ఆయుధాలు బాగుచేసే ఉద్యోగి) అరెస్టయ్యాడు. కాబట్టి "ఆర్మీ నుంచి వచ్చిన పీస్ ఉంది మామా, రేటు మాట్లాడుకుందాం" అని ఎవడైనా చెవిలో చెప్తే అది సర్‌ప్లస్ కాదు, దొంగ సొత్తు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా నిషిద్ధ ఆయుధం దగ్గర పెట్టుకుంటే కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్లు.

ఇక అసలు విషయానికి, త్రీ ఫిఫ్టీన్‌కి వద్దాం. బ్రిటిష్ వాళ్లకు ఒక భయం ఉండేది, బ్యారక్‌ల నుంచి దొంగిలించిన .303 తూటాలు జనం చేతిలోని రైఫిళ్లలో పడకూడదని. అందుకని పౌరులకు సైన్యం బోరు ఆపేసి వేరే బోరు వదిలారు, అలా ఇక్కడ పాతుకుపోయింది .315. తమాషా ఏంటంటే ఇదీ ఒకప్పటి సైన్యం తూటానే, ఆస్ట్రియా హంగేరీ సైనికులు మాన్లికర్ రైఫిళ్లలో వాడిన 8 మిల్లీమీటర్ల అంచు తూటా, అంటే అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉండే తూటా. మన సైన్యానిది కాదు కాబట్టి మనకు సరేనన్నారు. స్వాతంత్ర్యం వచ్చింది, చట్టం మారింది, లెక్క మాత్రం అదే. ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్ (తూటా ఎక్కించి కాల్చే యంత్రాంగం) మీదే .315 స్పోర్టింగ్ రైఫిల్ చేస్తూ వచ్చింది, 2021 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే కంపెనీ కిందికి వెళ్లింది. అదే ఫ్యాక్టరీ .30-06 అనే ఇంకో బోరు రైఫిల్ కూడా చేసింది. దీని బుల్లెట్ వెడల్పూ 7.62 మిల్లీమీటర్లే, అయినా ఇది నిషిద్ధం కాదు, ఎందుకంటే దీని తూటా పొడవు వేరు, సర్వీసు తూటా ఇందులో సరిపడదు. గొట్టం వెడల్పు చూసి కంగారు పడేవాళ్లు ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి.

రిటైరైన ఆఫీసర్లకు ఇంకో దారి ఉంది, ఎన్‌ఎస్‌పీ అంటారు, నాన్ సర్వీస్ ప్యాటర్న్ అని. సైన్యం చేతికి వచ్చిన, కానీ సైన్యం వాడని రకం ఆయుధాలను జబల్‌పూర్ డిపో నుంచి సర్వీసులో ఉన్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఇచ్చే పద్ధతి. మన దేశంలో ఆర్మీ నుంచి పౌరుడి చేతికి తుపాకీ సక్రమంగా వచ్చే దారి అంటూ ఉంటే అదే. మీరు ఆ కోవలో లేకపోతే దాని గురించి ఆలోచించి లాభం లేదు.

లైసెన్స్ గురించి అందరూ రాసేదే రాయను, 21 ఏళ్లు నిండాలి, తుపాకీ జాగ్రత్తగా వాడటంలో ట్రైనింగ్ తీసుకున్న సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో భద్రంగా దాచుకుంటానని రాసివ్వాలి, పోలీసు ఎంక్వైరీ జరగాలి, లైసెన్స్ ఐదేళ్లకు, ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు. కానీ మన తిరుపతి లాంటి ఊళ్లకు ఉన్న చిక్కు ఒకటి ఎవరూ చెప్పరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి, జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. శేషాచలం కింద శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పక్కనే కదా మన ఊరు ఉండేది. అలిపిరి నుంచి కొలిచి చూసుకోండి, ఊరు ఊరంతా పది కిలోమీటర్లలో పడుతుంది. పలమనేరు వైపు కౌండిన్య, సూళ్లూరుపేట వైపు నేలపట్టు, పులికాట్ అభయారణ్యాలు. అంటే కొత్త తిరుపతి జిల్లాలో, చిత్తూరు జిల్లాలో చాలా చోట్ల ఫైలు కలెక్టరేట్‌లో మాత్రమే తిరగదు, అటవీ శాఖకూ పోతుంది. ఆరు నెలలుగా ఫైలు కదల్లేదని కలెక్టరేట్ గుమాస్తాను తిట్టుకునే ముందు మీ ఇల్లు ఏ అడవికి ఎంత దూరమో చూసుకోవడం మంచిది.

తోటలవాళ్లకు ఒక మాట. పంట కాపలాకు మజిల్ లోడర్ (మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ), ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న డబుల్ బ్యారెల్ లాంటివాటికి చట్టమే కాస్త దారి వదిలింది, సెక్షన్ 13లో. రైఫిల్‌కు "ఎందుకు" అన్న ప్రశ్నకు గట్టి సమాధానం ఉండాలి, పందులొస్తున్నాయంటే సరిపోదు. పైగా లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చేయొచ్చని కాదు, దానికి అటవీ శాఖ అనుమతి వేరే, ఏనుగు సంగతైతే అసలు తలపెట్టకండి. ఇంత చెప్పినా పేపర్లో వారం వారం నాటు తుపాకీ కేసు వస్తూనే ఉంటుంది, అది వేరే కథ.

ఇప్పుడు లైసెన్స్ చేతిలో ఉందనుకుందాం. వాడిన .315 మీకు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి లైసెన్స్ ఉన్న డీలర్, రెండోది ఇంకో లైసెన్సీ. రెండోదానికి సెక్షన్ 5 ఒక షరతు పెట్టింది: అమ్మేవాడు ఎవరికి ఏం అమ్ముతున్నాడో కలెక్టర్‌కో దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పాక 45 రోజులు ఆగాలి, అప్పుడే చేతులు మారాలి. "డబ్బులిచ్చి తీసుకుపో, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనేవాడు మీ మేలు కోరేవాడు కాదు. చాలా రైఫిళ్లు పెద్దాయన పోయాక అమ్మకానికొస్తాయి. వారసులు దాన్ని వెంటనే స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో జమ చేసి ఉండాలి, జమ చేసిన రసీదు అడగండి. పెద్దాయన బతికుండగానే డెబ్భై ఏళ్లు దాటినా, ఇరవై ఐదేళ్లు తుపాకీ పెట్టుకుని ఉన్నా వారసుడికి లైసెన్స్ ఇవ్వొచ్చని 2016 రూల్స్‌లో ఉంది, కాబట్టి కొడుకు పేరు మీద లైసెన్స్ ఉంటే అనుమానించక్కర్లేదు, ఏ లైసెన్సూ లేకుండా కొడుకు అటక మీద నుంచి దించి చూపిస్తుంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. ఇంకోటి, తిరుపతి జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కు ముందు ఇచ్చిన లైసెన్సుల మూలాలు పాత చిత్తూరు జిల్లావి, సూళ్లూరుపేట, గూడూరు వైపువైతే నెల్లూరువి. పాత పుస్తకం మీద ఏ కలెక్టరేట్ ముద్ర ఉందో, యూనిక్ నంబర్ (దేశవ్యాప్త డేటాబేస్‌లో లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక నంబర్) ఎక్కిందో లేదో చూడండి, ఆ నంబర్ లేని లైసెన్స్ ఇప్పుడు చెల్లదు.

రైఫిల్ చేతిలోకి తీసుకోగానే ఎవరైనా ముందు చేసేది భుజానికి ఆనించి గురి చూడడం. వద్దు. ముందు గొట్టం మనుషులు లేని వైపు తిప్పి, మేగజైన్ ఊడదీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (గొట్టంలో తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. డీలర్ "ఖాళీయే సార్" అన్నా సరే.

తర్వాత నంబర్. దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. లీ ఎన్‌ఫీల్డ్ వంశంలో సాధారణంగా నంబర్ రిసీవర్ (గొట్టం, బోల్ట్ అమరే మధ్య ఇనుప భాగం) ముందు భాగంలో, కుడి పక్క ఉంటుంది, పాత మిలిటరీవాటిలో బోల్ట్ పిడి వెనక కూడా అదే నంబర్ కొట్టి ఉంటుంది. అమెరికాలో ఈ నంబర్లు కలవడాన్ని పాత తుపాకులు సేకరించేవాళ్లు ధర కోసం చూస్తారు, కలిస్తే రేటు ఎక్కువ. మనకు అది జైలు వ్యవహారం. సెక్షన్ 8 ప్రకారం నంబర్ చెరిపేసిన, మార్చేసిన తుపాకీ మీ దగ్గర దొరికితే, కాదని మీరు నిరూపించుకునే దాకా ఆ పని మీరే చేశారని అనుకుంటారు. అందుకని నంబర్ ఉన్న చోట వెలుతురు పక్క నుంచి పడేలా రైఫిల్‌ను వంచి చూడండి. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెల అంచులు లోపలికి దిగి, చుట్టూ ఉన్న నలుపు రంగు ఒకేలా ఉంటుంది. రాపిడి పెట్టి మళ్లీ కొట్టినచోట ఇనుము కాస్త పల్లంగా, రంగు వేరుగా, అంకెలు ఒకటి పైకి ఒకటి కిందికి కనిపిస్తాయి. లైసెన్స్ పుస్తకంలోని నంబర్‌తో ఒక్కొక్క అంకె చదువుతూ పోల్చండి, 3ని 8గా రాసిన గుమాస్తాలూ ఉంటారు, ఆ తప్పు కొన్న తర్వాత మీ నెత్తిన పడుతుంది. గొట్టం మీద బోర్ ముద్ర, ప్రూఫ్ ముద్ర (ఒత్తిడికి తట్టుకుంటుందని పరీక్షించి వేసే గుర్తు) ఉండాలి. గొట్టం మార్చినట్టు అనుమానం వస్తే, అంటే రిసీవర్ ఒక రంగు గొట్టం ఒక రంగు ఉండి బోర్ ముద్ర లేకపోతే, అది .315 అని వాడు నోటితో చెప్పింది నమ్మొద్దు, ఎందుకంటే ఒకే ఒంటి మీద .303 గొట్టం ఉంటే మీరు కొన్నది నిషిద్ధ ఆయుధం అయిపోతుంది.

బోర్ చూడడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. బోల్ట్ పూర్తిగా బయటికి తీసేసి, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం ముక్క వంచి పెట్టి, దానిమీద టార్చ్ వేసి మూతి వైపు నుంచి చూడండి. గాళ్లు మెలికలు తిరుగుతూ మూతి దాకా పదునుగా కనిపించాలి. డీలర్ నూనె పూసి ఉంటే అన్నీ మెరుస్తాయి, అందుకని పొడి గుడ్డ కట్టిన కడ్డీ రెండుసార్లు తోయించి మళ్లీ చూడండి, గుడ్డ మీద ఎర్రటి తుప్పు మరక వస్తే అది మొన్నటి పని. లోపల నల్లటి చుక్కలు, మిరప గింజంత గుంటలు కనిపిస్తే అది పాత కథ. పాత తూటాల ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే ముక్క) పొటాషియం క్లోరేట్ ఉండేది, కాల్చాక ఉప్పులాంటి మడ్డి గొట్టంలో మిగిలిపోతుంది, అది నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. కాల్చి వట్టి నూనె గుడ్డతో తుడిచి మూలన పెట్టిన రైఫిల్ మన నవంబర్ ముసురుకు లోపల్లోపలే కొరికేసుకుంటుంది. తోలు కవర్‌లో దాచినదైతే ఇంకా ఘోరం, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో జమ చేయిస్తారు కదా, అక్కడ నెలల తరబడి ఎవరూ నూనె చుక్క వేయరు. "ఇది ఎన్ని ఎలక్షన్లు స్టేషన్‌లో గడిపింది?" అని అడగండి, నవ్వులాట కాదు.

మూతి అంచు, అంటే బుల్లెట్ ఆఖరున వదిలిపోయే గుండ్రం, చాలామంది చూడనే చూడరు. ఇనుప కడ్డీని మూతి వైపు నుంచి అడ్డదిడ్డంగా తోసి తోసి శుభ్రం చేసిన రైఫిళ్లలో అక్కడ గాళ్లు అరిగి, ఒక పక్కకి సాగినట్టు ఉంటుంది. గొట్టం మిగతాదంతా అద్దంలా ఉన్నా ఈ అర అంగుళం పోతే గురి పోయినట్టే.

బోల్ట్ దగ్గర విషయం ప్రాణానికి సంబంధించింది. లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ వెనక వైపు లాక్ అవుతుంది, ఆ లాక్ అయ్యే రెండు చోట్లా రాపిడి గుర్తు సమానంగా ఉండాలి, ఒకవైపే మెరుస్తుంటే బరువంతా ఒకదాని మీదే పడుతోందని. బోల్ట్ మూసినప్పుడు తూటా ముందుకు పోకుండా ఆగే చోటుకూ బోల్ట్ ముఖానికీ మధ్య ఎంత సందు ఉంటుందో దాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అంచు తూటా కాబట్టి ఇక్కడ ఆ అంచు మందం మీదే లెక్క. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి వేస్తే ఈ లెక్క తప్పుతుంది, నంబర్లు కలవాలని అమెరికావాళ్లు పట్టుబట్టడానికి ఇంకో కారణం ఇదే. గేజ్ పెట్టి కొలిచే గన్‌స్మిత్ దగ్గర చూపించడమే సరైన పద్ధతి. గేజ్ దొరక్కపోతే, అదే రైఫిల్‌లో కాల్చిన ఖాళీ తూటాలు అమ్మేవాడి దగ్గర ఉంటే అడిగి చూడండి. ఇత్తడి మీద అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత పడి ఉంటే సందు ఎక్కువైందని, ఇత్తడి సాగుతోందని. గీత చోట పగులు కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. తర్వాతి తూటా వెనక్కి తన్నితే వేడి గ్యాస్ మీ కంటి ముందే బయటికొస్తుంది.

ట్రిగ్గర్ విషయంలో కొత్తవాళ్లు అనవసరంగా భయపడతారు. ఈ వంశం ట్రిగ్గర్ రెండు మెట్లలో కదులుతుంది, మొదట వదులుగా జరిగి, ఒక చోట ఆగి, తర్వాత తెగుతుంది. అది లోపం కాదు. ఖాళీ ఛాంబర్‌తో కాక్ చేసి, ఎడమ పక్క సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, స్ట్రైకర్ (తూటాను కొట్టే ముక్క) పడకూడదు. సేఫ్టీ తీశాక, ట్రిగ్గర్ ముట్టకుండా దానంతట అది పడినా రిపేరు పనే. బోల్ట్ గట్టిగా తోసి మూసినా ట్రిగ్గర్ నిలబడాలి. చెక్క కట్టె చూడడం సులువే, చేత్తో పట్టుకునే సన్నని చోట పగులుందేమో, నూనె పీల్చి నల్లగా మెత్తబడిందేమో వేలి గోరుతో నొక్కి చూస్తే చాలు. పైన కొత్త వార్నిష్ కొట్టి ఉంటే కింద ఏదో దాచారని నా అనుమానం, చాలాసార్లు నిజమే అవుతుంది. కాల్చి చూడాలనుకుంటే డీలర్ పెరట్లో కాదు, అనుమతి ఉన్న రేంజ్‌లో, మీ లైసెన్స్ మీద, కొత్త తూటాలతో. పెళ్లిలో గాల్లోకి కాల్చి చూద్దామనుకునేవాడికి రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

బేరం ఆడేటప్పుడు నేను లోపాలను రెండు కుప్పలుగా పెట్టుకుంటాను. కట్టె పగులు, రంగు పోవడం, మేగజైన్ స్ప్రింగ్ వదులు, అరిగిన గురి పుల్ల, ఇవన్నీ ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి. గొట్టంలో అక్కడక్కడా చుక్కలున్నా మామూలు వాడకానికి పనిచేస్తుంది, షూటింగ్ పోటీకి పనికిరాదు, అది మీ అవసరం బట్టి. హెడ్‌స్పేస్, మూతి అరుగుదల, పగిలిన బోల్ట్, వీటికి రేటు ఎంత తగ్గించినా తీసుకోవద్దు, ఎందుకంటే గొట్టం మార్పించాలన్నా బోల్ట్ వేయించాలన్నా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ కావాలి, విడిభాగం దొరకాలి, అది మన చుట్టుపక్కల అంత తేలిగ్గా అయ్యే పని కాదు, తగ్గిన రేటు అక్కడే ఖర్చయిపోతుంది. నంబర్ మీద అనుమానం వస్తే అసలు బేరమే మొదలుపెట్టొద్దు, టీ ఇస్తే తాగి వచ్చేయండి.